ఇరవై ఒక్క అంగుళాల కుర్చీ

పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు ఆవిడ రెండు పెన్సిళ్లు చెక్కుతుంది. రోజూ ఇంతే. కూతురు ఎప్పుడో కొనిచ్చిన పెన్సిళ్లు చెక్కే మర సొరుగులో అలాగే పడి ఉంది, దాన్ని ముట్టదు. సగం బ్లేడు, ఒక పాత కాగితం చాలు. చెక్కుడు పొట్టు ఎక్కడా తెగకుండా చుట్టలు చుట్టుకుంటూ కాగితంలో పడాలి. ములుకు అరంగుళం బయటికి వచ్చాక దాన్ని ఉప్పుకాగితం మీద తిప్పి తిప్పి సూదిమొన చేస్తుంది. ఒక పెన్సిలు గీతలకు, ఇంకోటి అంకెలకు. దీని పని అది చెయ్యకూడదు, దాని పని ఇది చెయ్యకూడదు. పాలు పొంగిపోయిన రోజులు ఆ ఇంట్లో బోలెడున్నాయి గానీ, మొన విరిగిన పెన్సిలుతో మొదలైన రోజు లేదు.

ముప్పై ఒక్క ఏళ్లు ఆవిడ ఒక ఇంజనీర్ల ఆఫీసులో ట్రేసరు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉండేదని ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన ప్లాను మీద అద్దంలాంటి పల్చటి కాగితం పరిచి, నాలుగు మూలలా బిగించి, కింద కనిపించే ప్రతి గీతనూ సిరాతో మళ్లీ గీయడమే ఆ పని. గీత వంకర పోకూడదు. సిరా చుక్క జారకూడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, సొంత తెలివి చూపించకూడదు. కాగితం అడుగున కుడిమూల ఒక గడి ఉంటుంది. గీసినవారు, ట్రేసు చేసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని అందులో నాలుగు వరసలు. ఆవిడ సంతకం ఎప్పుడూ రెండో వరసలోనే.

ఆఫీసులో ఆవిడకు స్కేలమ్మ అని పేరు. అది వీధిలోకి ఎలా పాకిందో తెలియదు గానీ, వీధిలోనూ అదే పేరు. ఉల్లిపాయలు కూడా కొలిచి తరుగుతుందని ఆడపడుచులు మేలమాడేవారు. భర్త సిటీ బస్సు డ్రైవరు. తలుపు కిందుగా ఉన్న ఇంట్లోకి వెళ్లేటప్పుడల్లా తల వంచాల్సినంత పొడుగు మనిషి. ముప్పై మూడేళ్లు బస్సు నడిపి, భార్య కంటే ముందే రిటైరయ్యారు. ఆయన్ని ఊరంతా డ్రైవరుగారనే అంటుంది.

రిటైరయ్యాక స్కేలమ్మకు చేతులు ఖాళీ అయిపోయాయి. ఖాళీ చేతులు ఏం చేస్తాయి? అటకలు సర్దాయి, సర్దిన అటకల్ని మళ్లీ సర్దాయి. చూడలేక కూతురు (రెండు వీధుల అవతల ఉంటుంది, బడిలో లెక్కలు చెబుతుంది) ఒకరోజు పద్నాలుగు ప్లాన్లు అచ్చు తీసి తెచ్చింది. ఇంట్లో ఎవరికి వారు చేసుకోగల బల్లలు, పీటలు, అలమరలు. ప్రతి ముక్క పొడవూ వెడల్పూ అందులో ఉన్నాయి. ఆ కొలతలు చూడగానే ఆవిడ మొహం వెలిగింది.

చెక్క పైన్. యంత్రాల పెట్టెలు విప్పాక మిగిలిన పలకల్ని కర్రల దుకాణం ఆయన చిత్రిక పట్టించి అమ్ముతాడు. తేలిక చెక్క, ఇంటి రంపానికి లొంగుతుంది, కోస్తే జిగురు వాసన వేస్తుంది. మెత్తనిది కూడా, గోరు గుచ్చితే గుర్తు పడుతుంది. మొదట చెప్పుల అర చేసింది. తర్వాత పీట. తర్వాత పుస్తకాల అలమర. పెరట్లో రేకుల పంచ కింద ఆవిడ రంపం చప్పుడు వినపడితే, ఎదురింటి టైలరు తన మిషను ఆపి, "స్కేలమ్మగారు ఫ్యాక్టరీ తెరిచారు" అనేవాడు.

అంతలో డ్రైవరుగారు స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను బాగానే జరిగింది, నాలుగు కాళ్ల ఊతకర్రతో నాలుగడుగులు వెయ్యగలిగారు కూడా. చిక్కంతా లేవడంతోనే. నిలబెడితే నడుస్తారు, కూర్చుంటే మాత్రం లేవలేరు. పరుపు లోపలికి దిగిపోతుంది, ఇంట్లో కుర్చీలు పల్లం. ప్రతిసారీ తల్లీ కూతుళ్లు చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. నిండు బస్సును గుడికొండ ఘాట్ రోడ్డు మీద దించిన మనిషి, భార్య చేత "ఒకటి, రెండు, మూడు" అనిపించుకుని లేవాల్సి రావడం ఆయనకు మింగుడు పడలేదు. మెల్లిగా లేవడమే మానేశారు. అన్నం మంచం మీదికే తెప్పించుకున్నారు.

వ్యాయామం చేయించడానికి వచ్చే అమ్మాయి చూసి మొహమాటం లేకుండా చెప్పింది. "మీరిద్దరూ లేపితే కుదరదమ్మా. తనంతట తను లేవాలి, రోజుకి పదిసార్లు. ఈ మూడు నెలల్లో అలవాటైతే సరే. లేదంటే ఆ కాలు లేవడమే మర్చిపోతుంది. ఇక మంచమే."

కూతురు ఆసుపత్రి సామాన్ల దుకాణంలో స్టీలు కుర్చీ చూసి వచ్చింది. ఫోనులో బొమ్మ చూపించగానే డ్రైవరుగారు గోడవైపు తిరిగారు.

"మధ్యలో కన్నం ఉన్న కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, వీధిగదిలో ప్రదర్శన పెడతారా?"

"కన్నం మూసెయ్యొచ్చు నాన్నా."

"నీ నోరు ముయ్యి ముందు."

"మీరిద్దరూ ఊరుకోండి," అంది స్కేలమ్మ. "నేను చేస్తాను."

తొమ్మిదో నంబరు ప్లాను, చేతుల కుర్చీ. ఐదు వారాలు పట్టింది. వీపుకు ఆనే ఆరు పట్టీలను నునుపు చేసే పని డ్రైవరుగారికి అప్పగించింది. ఆయన మంచం మీదే కూర్చుని ఉప్పుకాగితంతో రుద్దుతుంటే దుప్పటంతా పిండి.

"పొరల వెంటే రుద్దండి, అడ్డంగా రుద్దకండి."

"బస్సు తుడిచే కుర్రాళ్లతో కూడా నేనింత కచ్చితంగా మాట్లాడలేదే."

"అందుకే ఆ బస్సులు అలా ఉండేవి."

రంగు దగ్గర మాత్రం దెబ్బతింది. తడిబట్టతో తుడిచి, స్టెయిను రెండు పూతలు వెయ్యమని ప్లానులో ఉంది. అచ్చం అలాగే వేసింది. తెల్లారేసరికి కుర్చీ మీద దేశపటం మొలిచింది. పైన్ చెక్క మెత్తగా ఉన్నచోట రంగును గటగటా తాగేసి నల్లబడింది, ముడుల దగ్గర అసలు పట్టలేదు. జిగురు కారి ఆరినచోట తెల్లటి మరకలు. ఆవిడకు ఏడుపొచ్చినంత పనయింది. అయినా కొలతల్లో వెంట్రుకవాసి తేడా లేదని తనకు తాను చెప్పుకుని, కుర్చీని వీధిగదిలో కిటికీ పక్కన పెట్టింది.

కూతురూ తనూ చెరోవైపు పట్టుకుని ఆయన్ని నడిపించి కూర్చోబెట్టారు. ఆయన వెనక్కి వాలి, చుట్టూ చూసుకుని, "సింహాసనమే!" అన్నారు.

"మచ్చలు పడ్డాయి," అంది స్కేలమ్మ.

"పులికి లేవూ మచ్చలు?"

కూతురు నవ్వుకుంటూ బడికి వెళ్లిపోయింది. స్కేలమ్మ ఎదురుగా నిలబడి, "ఏదీ, లేచి చూడండి," అంది.

"ఉండవే, ఇప్పుడేగా కూర్చున్నా. వీధి చూసి ఎన్నాళ్లయిందో."

ఆవిడ వంటింట్లోకి వెళ్లి అరగంట తర్వాత వచ్చింది. "లేస్తారా?"

"ఆ తోపుడుబండి మలుపు తిరగనీ. పేపరు ఇలా ఇవ్వు."

ఇంకో అరగంటకు మంచినీళ్లు తెచ్చింది. వద్దన్నారు. ఇంకో గంటకు మళ్లీ తెచ్చింది. మళ్లీ వద్దన్నారు, ఈసారి కాస్త తొందరగా. అప్పుడు ఆవిడ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. గంటకోసారి నీళ్లు అడిగే మనిషి రెండు గంటలుగా చుక్క ముట్టలేదు. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుంది. ఆయన చొక్కా వీపంతా తడిసి ఉంది. ఒళ్లో పేపరు తలకిందులుగా ఉంది.

"ఎన్నిసార్లు ప్రయత్నించారు?"

డ్రైవరుగారు కిటికీ బయటికి చూశారు. "నువ్వు లోపలికి వెళ్లినప్పుడల్లా."

"మరి చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను? ఐదు వారాలు వంగి వంగి చేశావు."

"సీటు పదిహేడు అంగుళాలని ప్లానులోనే ఉంది. నేను ఒక్క గీత తేడా రానివ్వలేదు."

"రాలేదనే నేనూ అంటున్నా. ఆ ప్లాను గీసినవాడికి తుంటి విరగలేదు, అంతే."

ఆఖరికి ఎదురింటి టైలరు వచ్చి ఓ చెయ్యి వేస్తే గానీ ఆయన లేవలేదు. టైలరు ఉన్నంతసేపూ తల ఎత్తలేదు కూడా. మంచం మీదికి చేరాక గోడవైపు తిరిగి, "దాన్ని లోపల పెట్టెయ్యి," అన్నారు. వ్యాయామం చేయించే అమ్మాయి చెప్పిన మూడు నెలల్లో సగం అప్పటికే కరిగిపోయింది.

ఆ మధ్యాహ్నం స్కేలమ్మ అన్నం తినలేదు. మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. "మా ఆఫీసు మెట్లు గుర్తున్నాయా?" అంది.

"మర్చిపోతానా? నీ గొడుగు పట్టుకొచ్చిన ప్రతిసారీ పైనుంచి మూడో మెట్టు నా బొటనవేలిని పలకరించేది. ఆ కట్టినవాడు దొరకాలే గానీ..."

"కట్టినవాడి తప్పు కాదు. అది నేను గీసిన మెట్టు."

ఆయన ఇటు తిరిగారు.

"ఉద్యోగంలో చేరిన రెండో నెల," అంది ఆవిడ. "మా ఆఫీసుకు కట్టబోయే కొత్త భవనం మెట్ల ప్లాను నా బల్ల మీదికి వచ్చింది. మెట్లన్నీ ఆరంగుళాలు, పైనుంచి మూడోది ఒక్కటే ఏడు. అంతస్తు ఎత్తుకి కూడిక సరిపెట్టడానికి ఎవరో ఆ అంగుళాన్ని అక్కడ కుక్కేశారు. నాకు తెలిసింది. చెబుదామని లేచాను కూడా. పెద్ద ట్రేసరు నన్ను చూసి, 'గీయమన్నది గీయమ్మా, దిద్దడానికి పైన చాలామంది ఉన్నారు' అన్నాడు. కూర్చున్నాను. గీశాను. ఏడు అంకె ఎంత బాగా వచ్చిందో."

డ్రైవరుగారు తన బొటనవేలివైపు చూసుకున్నారు.

"టీ తెచ్చే ఆయన ట్రేతో సహా రెండుసార్లు పడ్డాడు. ఒకావిడకి పన్ను విరిగింది. ఎవరు తూలినా ఆ చప్పుడు నా బల్ల దగ్గరికి వినిపించేది. ముప్పై ఏళ్లు విన్నాను. ఎవరికీ చెప్పలేదు."

"ముప్పై ఏళ్లు నేనా మెట్టుని నానా మాటలూ అన్నాను," అన్నారు ఆయన. "ఇంట్లో మనిషిదని ముందే చెబితే కాస్త మర్యాదగా తిట్టేవాణ్ణి కదే."

ఆవిడ నవ్వబోయింది గానీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

"మా డిపోలో ఒక పుస్తకం ఉండేది," అన్నారు డ్రైవరుగారు. "బండి దిగగానే అందులో రాయాలి. బ్రేకు లాగుతోంది, అద్దం వదులైంది, తలుపు పడట్లేదు. మెకానిక్కు మొహం మాడ్చుకున్నా సరే, రాయకుండా ఇంటికి పోకూడదు. రేపు ఆ బండి ఎక్కేది ఇంకొకడు."

"మరి ఇవాళ మీరు రాయలేదేం?"

ఆయన చెయ్యి చాచారు. "రాయలేదు. నాదే తప్పు. ఇలా తే ఆ ప్లాను."

ఆవిడ తొమ్మిదో నంబరు ప్లాను తెచ్చి, వెనక్కి తిప్పి, అంకెల పెన్సిలు ఆయన చేతికి ఇచ్చింది. ఆ పెన్సిలును ఇంకొకరి చేతికివ్వడం అదే మొదలు. ఆయన పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. *సీటు పల్లం. లేవడానికి చేతికి పట్టు దొరకడం లేదు.*

"ఎంత ఎత్తు కావాలి?"

"నాకేం తెలుసు? ముప్పై మూడేళ్లు సీట్లోంచి ఎన్నిసార్లు లేచానో. ఎప్పుడైనా కొలిచానా?"

అంతే, మర్నాడు పొద్దున ఆవిడ టేపు తీసుకుని డిపోకి వెళ్లింది. పాత మెకానిక్కు ఇంకా అక్కడే ఉన్నాడు. డ్రైవరుగారి బస్సులన్నిటినీ ఎరిగినవాడు, ఆవిడనూ ఎరుగును.

"ఏం వదినా, అన్న మళ్లీ డ్యూటీకి వస్తానంటున్నాడా?"

"సీటు కొలవాలి."

"దేనికి?"

"మీ అన్నకే."

డ్రైవరు సీటు పైభాగం నుంచి కాలు ఆనే నేల వరకు ఇరవై ఒక్క అంగుళాలు. రాసుకుంది. కానీ ఎత్తు ఒక్కటే కాదనిపించింది.

"మీరొకసారి ఎక్కి దిగండి."

మెకానిక్కు ఎక్కి దిగాడు.

"ఇంకోసారి. మెల్లిగా."

దిగాడు.

"ఇంకొక్కసారి."

"వదినా, నాకూ మోకాళ్లున్నాయి."

మూడోసారి ఆవిడకు కనపడింది. సీట్లోంచి లేచే మనిషి చెయ్యి నడుము పక్కన ఉండదు. ఒకటి స్టీరింగు మీద, ఇంకోటి తలుపు దగ్గరి కమ్మీ మీద. రెండూ ఒంటికి ముందే ఉంటాయి. ముందు మనిషి ముందుకు వంగుతాడు, బరువు పాదాల మీదికి వస్తుంది, ఆ తర్వాతే పైకి లేస్తాడు. తన కుర్చీకి చేతులు సీటు అంచు దగ్గరే ఆగిపోయాయి. డ్రైవరుగారు రెండు గంటలు తన బరువును తానే వెనక్కి నెట్టుకున్నారన్నమాట.

ఇంటికొచ్చి ప్లాను ముందేసుకుంది. ఒక్క అంకె మార్చడానికి పూటంతా పట్టింది. రబ్బరుతో చెరపలేదు. పదిహేడు మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన ఇరవై ఒకటి అని రాసింది. ఆఫీసులో ఆ పని చేసి ఉంటే మేనేజరు గదిలోకి పిలుపు వచ్చేది. ఇక్కడ ఎవరూ పిలవలేదు. ఒక అంకె కదిలితే మిగతావన్నీ కదిలాయి. చేతులు నాలుగంగుళాలు ముందుకు రావాలి. చేతులు ముందుకొచ్చి వాటి మీద బరువు పడితే కుర్చీ తలకిందులవుతుంది, కాబట్టి ముందు కాళ్లు కూడా వాటితో పాటే ముందుకు రావాలి. చేతుల చివరలు పిడికిట్లో ఇమిడేలా గుండ్రంగా ఉండాలి. ఎంతలావు? డ్రైవరుగారు నిద్రపోతుండగా ఆయన అరచేతికి టేపు చుట్టి కొలిచింది. చివరికి పాత ప్లాను పక్కన పెట్టేసి, తెల్ల కాగితం మీద మొదటినుంచీ గీసింది. కింద ఏమీ పరవని కాగితం మీద గీయడం ఆవిడకు అదే మొదలు. రెండుసార్లు చించేసింది. అలవాటుకొద్దీ కుడిమూల గడి గీసి, నాలుగు వరసలూ రాసింది.

కర్రల దుకాణం ఆయనకు పాత కుర్చీ మచ్చల సంగతి చెబితే పకపకా నవ్వాడు. "పైన్ చెక్కకి దాహం ఎక్కువమ్మా. ఏది ముందు పోస్తే అది తాగేస్తుంది. లక్క పాలిష్ నీళ్లలా పల్చగా చేసి ఒక పూత ముందే తాగించండి. కడుపు నిండాక అప్పుడు రంగు వెయ్యండి. కారిన జిగురు తడిగా ఉండగానే తుడిచెయ్యాలి."

"ఇది ప్లానులో రాయలేదే."

"ప్లాను రాసినాయన నా దుకాణానికి రాలేదు కదమ్మా."

ఈసారి మూడున్నర వారాల్లో అయిపోయింది. తుక్కు ముక్క మీద రంగు చూసుకుని మరీ వేసింది. తేనె రంగు సమానంగా పట్టింది. చెక్క పొరలు మాత్రం కిందినుంచి కనపడుతూనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున కుర్చీని కిటికీ పక్కన పెట్టారు. డ్రైవరుగారిని కూర్చోబెట్టాక, స్కేలమ్మ కూతుర్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, "చేతులు వెనక్కి కట్టుకో. ఏం జరిగినా ముట్టుకోకు," అంది.

"పడిపోతే?"

"ముట్టుకోకు."

తను మాత్రం రెండడుగుల దూరంలోనే నిలబడింది. డ్రైవరుగారు రెండు పిడికిళ్లూ చేతుల చివర్ల మీద బిగించారు. ముందుకు వంగారు. సగం లేచి, ధబ్బున వెనక్కి పడ్డారు. స్కేలమ్మ వేళ్లు కొంగుచివర చుట్టుకుంటున్నాయి.

"పాదాలు వెనక్కి తీసుకోండి," అంది నెమ్మదిగా. "బ్రేకు మీద ఉన్నట్టు కాదు. దిగేటప్పటిలా."

ఆయన పాదాలు దగ్గరికి లాక్కున్నారు. మళ్లీ వంగారు. తల మోకాళ్ల ముందుకు వచ్చింది. చేతుల నరాలు ఉబ్బాయి. కుర్చీ కిర్రుమంది. కానీ కదల్లేదు. ఆ పొడుగు మనిషి మెల్లిగా, అంచెలంచెలుగా, నిలువునా పైకి లేచి నిలబడ్డారు. తల కిటికీ పైచట్టం దాకా వెళ్లింది. అంత పొడుగని ఇంట్లోవాళ్లే మర్చిపోయారు.

"ఆఖరి స్టాపు," అన్నారు ఆయాసపడుతూ. "అందరూ దిగండి."

కూతురు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పి మొహం కప్పుకుంది.

డ్రైవరుగారు ఊతకర్ర అందుకుని, ఎవరి సాయం లేకుండా బల్ల దాకా నడిచారు. బల్ల మీద స్కేలమ్మ గీసిన ప్లాను ఉంది. గడిలో మొదటి వరసలో, గీసినవారు అన్నచోట, ఆవిడ సంతకం చాలా చిన్నగా ఉంది. నాలుగో వరస ఖాళీగా ఉంది.

"ఇదెవరు చెయ్యాలి?"

"ఎక్కేవాళ్లు," అంది ఆవిడ.

ఆయన ఆమోదించినవారు అన్నచోట సంతకం పెట్టారు. అది గడి దాటి బయటికి పోయింది. పెన్సిలు వదలకుండా దాని కింద ఇంకో మాట రాశారు. *ఎడమ చెయ్యి కిర్రుమంటోంది. చూడగలరు.*

స్కేలమ్మ అది చదివి, స్క్రూడ్రైవరు తేవడానికి పెరట్లోకి వెళ్లింది.

తర్వాతి నెలలో ఆవిడ పాత ఆఫీసుకు వెళ్లి, ఇప్పటి ఇంజనీరుకు ఆ మెట్టు సంగతి చెప్పి వచ్చింది. మెట్లు పగలగొట్టి కట్టడం కుదరదన్నారు. పైనుంచి మూడో మెట్టు అంచున మాత్రం పసుపు రంగు గీత వేశారు. గీత కాస్త వంకరగా ఉందని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

డ్రైవరుగారు రోజుకు పది కాదు, పదిహేనుసార్లు లేస్తారు. అందులో సగం, వీధిలో ఎవరు వెళ్తున్నారో చూడటానికి. మచ్చల కుర్చీ వంటింట్లో పొయ్యి పక్కన ఉంది. పదిహేడు అంగుళాల ఎత్తు స్కేలమ్మకు సరిగ్గా సరిపోతుంది. ఆవిడ పొద్దున పెన్సిళ్లు చెక్కేది అందులో కూర్చునే.